ముక్కుపుడక పూలకు కంచె

ఆ పిల్లని ఇంట్లో, బడిలో, బజారులో అందరూ మైకు అనే పిలుస్తారు. ఆమె గొంతు ఎవరూ పెద్దగా వినలేదు కాబట్టి. పేరు పెట్టింది మేనత్త. "ఎంత తట్టినా పలకదే ఇది! కరెంటు లేని మైకు" అని ఒకసారి నలుగురిలో అంది. ఆ పేరు జిగురు పెట్టినట్టు అతుక్కుపోయింది.

అలాగని మైకుకి మాటలు లేవనుకుంటే పొరపాటు. లోపల కావలసినన్ని ఉన్నాయి. కాకపోతే సమయానికి రావు. ఎవరైనా వెక్కిరిస్తే, వాళ్ళకి దిమ్మతిరిగే జవాబు ఆమెకి మర్నాడు పొద్దున పళ్ళు తోముకుంటుండగా తడుతుంది. అప్పుడు అద్దంలోకి చూస్తూ, నోటినిండా నురగతో, ఎదుటివాళ్ళని చిత్తుచిత్తుగా ఓడిస్తుంది. పుక్కిలించి ఉమ్మేశాక మళ్ళీ మామూలే.

అలాంటి పిల్ల మొట్టమొదటిసారి నలుగురి మధ్య లేచి నిలబడి మాట్లాడింది. తీరా చూస్తే ఆ మాట తప్పని తేలింది.

ఊరి చివర ఇటుకబట్టీ దాటాక ఒక చిత్తడి నేల ఉంది. అది చెరువూ కాదు, పొలమూ కాదు. వానల్లో చీలమండ మునిగేంత నీరు, ఆ తర్వాత బురద, ఎండలు ముదిరితే పగుళ్ళు. ఏ పంటా పండదు. మేనత్త గేదెలకి తప్ప ఇంకెవరికీ ఆ నేలతో పనిలేదు. వానలు వెనకపట్టాక మాత్రం ఆ బురదలోంచి వెంట్రుకంత సన్నటి కాడలు లేచి, వాటి కొసన ఊదారంగు పూలు పూస్తాయి. ఒక్కో పువ్వు ముక్కుపుడకంత. ఊళ్ళో వాటిని ముక్కుపుడక పూలంటారు.

కిందటేడు సైన్సు మేడమ్ తరగతినంతా అక్కడికి నడిపించుకుపోయింది. ఒక మొక్కని బురదముద్దతో సహా పెకలించి, పళ్ళెంలో నీళ్ళు పోసి కడిగి, భూతద్దం చేతికిచ్చింది.

"దీనికి వేళ్ళు లేవర్రా. ఈ దారాలకి చూడండి, చిన్నచిన్న తిత్తులున్నాయి. ప్రతి తిత్తికీ ఒక మూత. నీళ్ళలో కంటికి ఆనని పురుగు వచ్చి ఆ మూతని తాకిందనుకోండి, గుటుక్కున లోపలికి లాగేసుకుంటుంది. ఈ నేలలో సారం లేదు కదా, అందుకని వేటాడి బతుకుతోంది."

మైకు అక్కడికక్కడే మనసు పారేసుకుంది. పైకి చూస్తే ఎవరేమంటారో అని బెదిరినట్టుండే పువ్వు. బురద కింద ఎటుచూసినా నోళ్ళే. అచ్చం తనే అనుకుంది. తన నోళ్ళు ఇంతవరకూ ఒక్క పురుగునైనా పట్టలేదన్న సంగతి అప్పుడు గుర్తురాలేదు.

సరిగ్గా ఆ సమయానికి మేనత్త గేదెలు వరసగా వచ్చి, భూతద్దంతో చూడాల్సిన ఆ పూల మీద డెక్కలేసి నింపాదిగా నడుచుకుంటూ పోయాయి. మైకు వంగి, నలిగిన ఒక కాడని వేలితో నిలబెట్టబోయింది. అది నిలబడలేదు.

కొద్దిరోజులకి బడిలో తల్లిదండ్రుల సమావేశం జరిగింది. చివర్లో హెడ్‌మాస్టరు మాట వరసకి "ఎవరైనా ఏమైనా చెప్పాలా?" అన్నాడు. ఎవరూ చెప్పరన్న ధైర్యంతో అప్పటికే కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుంటున్నాడు. తన కాళ్ళు తనని ఎప్పుడు లేపాయో మైకుకే తెలీదు.

"ముక్కుపుడక పూలని గేదెలు తొక్కేస్తున్నాయి. కంచె కట్టాలి."

అంతే. కూర్చుంది.  హాల్లో చప్పట్లు మోగాయి. మేడమ్ అందరికన్నా గట్టిగా కొట్టింది. వెనక వరసలో మసిచేతులతో కూర్చున్న వెల్డింగు మేస్త్రీ మాత్రం చప్పట్లు కొట్టలేదు. నోరు తెరుచుకుని కూతురినే చూస్తూ ఉండిపోయాడు.

కంచె కట్టింది ఆయనే. ఎవరూ పురమాయించకముందే, పూలు ఒత్తుగా ఉన్నచోట నాలుగువైపులా గుంజలు పాతి, ఇనుప చువ్వలు వేశాడు. పైన వరసంతా చువ్వల్ని పూలలా వంచి అతికాడు. ఆకుపచ్చ రంగు కొట్టి, "ముక్కుపుడక పూలు. పశువులకు ప్రవేశం లేదు" అని బోర్డు తగిలించాడు. షెడ్డుకి వచ్చినవాళ్ళందరికీ అదే కథ. "మా అమ్మాయి నోరు తెరిచి అడిగిందండీ. కట్టకుండా ఎలా ఉంటాను?"

మేనత్త దారిలో ఆపి మరీ దులిపేసింది. "పలకక పలకక పలికి, చివరికి నా గేదెల పొట్ట మీద కొట్టావు కదే! అంత తియ్యటి గడ్డి ఇంకెక్కడ దొరుకుతుందే వాటికి?"

దీనికి దీటైన జవాబు మర్నాడు నురగతోపాటు వచ్చింది.

ఆ ఏడాదంతా మైకు భూమికి జానెడు పైన నడిచింది. వానలు పట్టేదాకా సాయంత్రాలు కంచె పక్కనుంచి, ఏదో పనున్నట్టు, రోజూ వెళ్ళేది. ఊళ్ళో తన విగ్రహం పెడితే పువ్వు ఏ చేతిలో ఉండాలన్న దాకా ఆలోచించింది. కుడిచేతిలో అయితే బాగుంటుందని తేల్చుకుంది కూడా.

మళ్ళీ వానలు వచ్చాయి, వెనకపట్టాయి. మైకు పూలు చూడ్డానికి వెళ్ళింది.

కంచె లోపల తుంగ ఆమె నడుమెత్తు పెరిగి ఉంది. దాన్ని మించిన ఎత్తులో జమ్ము. ఎక్కడ చూసినా కళ్ళు చల్లబడే పచ్చదనం. చువ్వల సందుల్లోంచి చెయ్యి పెట్టి గడ్డి పాయలు తీసి చూసింది. అడుగున చీకటి, కుళ్ళిన ఆకులు. ఇటు తిరిగి చూసింది, అటు తిరిగి చూసింది. ఒక్కటంటే ఒక్క పువ్వు లేదు.

'ఈసారి ఆలస్యం కాబోలు' అని తనకి తనే సర్దిచెప్పుకుని వెనక్కి తిరిగిందో లేదో, కాలు జారి బురదలో కూలబడింది. లేవడానికి చెయ్యి ఆనించిన చోట చూస్తే, వేళ్ళ సందున ఊదారంగు.

గేదె డెక్క గుంట అది. గిన్నెలా నీళ్ళు నిలిచాయి. గిన్నె అంచు చుట్టూ ముక్కుపుడకలు గుచ్చినట్టు పూలు. దాని పక్కన ఇంకో గుంట, దాని చుట్టూ పూలు. అటువైపు చూపు ఆనినంత మేర గేదె కాలు పడిన ప్రతిచోటా పూలే. పూలు కంచె దూకి పారిపోయాయా అనిపించింది. కాస్త దూరంలో ఒక గేదె నెమరు వేస్తూ ఆమెనే చూస్తోంది. ఆ చూపులో జాలి ఉందని మైకు ఇప్పటికీ ఒట్టు పెట్టి చెబుతుంది.

బురదలో కూర్చునే ఆలోచించింది. వేలెడు ఎత్తుకూడా లేని మొక్క. దానికి ఎండ కావాలి. గేదెలు గడ్డిని ఎప్పటికప్పుడు కొరికేస్తుంటేనే ఎండ కిందికి దిగుతుంది. పురుగుల్ని పట్టాలంటే నీళ్ళు కావాలి. డెక్కలు దిగబడితేనే ఆ నీళ్ళు నిలుస్తాయి. ఇన్నేళ్ళూ ఆ పూలని కాపాడుతున్నది గేదెలు. వాటిని బయటికి నెట్టి, తుంగని లోపల పెట్టి, దానికి ఇనుప కాపలా కూడా పెట్టించింది తను. విగ్రహం చేతిలో పువ్వు బదులు ఇంత గడ్డి పెడితే సరిపోతుంది.

మర్నాడు మేడమ్ పిలిచి చెప్పింది. "శుక్రవారం చిన్న తరగతుల పిల్లల్ని తీసుకెళ్దాం. కంచె దగ్గర నువ్వే మాట్లాడాలి, సరేనా? ఆలోచన నీదే కదా!"

మైకు తలూపింది. తలూపడం ఆమెకి బాగా వచ్చిన విద్య.

నాన్నకి చెప్పడం తప్ప ఇంకేదైనా చెయ్యడానికి ఆమె సిద్ధమే. అందుకని ఒక పథకం వేసింది. సాయంత్రం వంటింట్లోంచి ఒక గరిటె, ఒక స్టీలు డబ్బా పట్టుకుని వెళ్ళి, బయటి పూలని బురదతో సహా తవ్వి, లోపల నాటేద్దామని కంచె ఎక్కింది. కంచె మాత్రం మేస్త్రీ మనసుపెట్టి కట్టినది. పైనున్న ఇనుప పువ్వు లంగా అంచుని గట్టిగా పట్టేసుకుంది. మైకు అటు దిగలేక, ఇటు దిగలేక, డబ్బా కింద జారవిడిచి, ఒక చేతిలో గరిటెతో ఉట్టిలా వేలాడింది.

"ఎవరే అది?" గేదెల్ని తోలుకుపోవడానికి వచ్చిన మేనత్త గొంతు. "మైకూ! అక్కడేం చేస్తున్నావే?"

"ఊరికే, అత్తా."

"ఊరికే గరిటె పట్టుకుని కంచెలెక్కుతారా? ఆ డబ్బాలో ఏంటి?" మేనత్త మూత తీసి చూసింది. కంచె లోపలికి చూసింది. బయటికి చూసింది. ముందు పెదాలు వణికాయి, ఆ తర్వాత గుంజని పట్టుకుని కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. "ఓసి నీ తెలివి తెల్లారా! బయటి పూలు లోపలికి మోసుకెళ్ళే దొంగని నా జన్మలో చూళ్ళేదే!"

"అత్తా, ముందు దింపు."

"దింపుతాలే, ఉండు. కాసేపు చూడనీ." చివరికి లంగా అంచు విడిపించి కిందికి దించింది. దించాక నవ్వడం ఆపేసింది. "మీ నాన్నకి తెలుసా?"

మైకు తల అడ్డంగా ఊపింది.

"నేను చెప్పను. నువ్వే చెప్పు. వాడు పొద్దున్నే సైకిలు మీద వచ్చి ఈ చువ్వలన్నీ గుడ్డతో తుడిచి పోతాడే. నేను పాలకి వెళ్తూ రోజూ చూస్తూనే ఉన్నా. నా తమ్ముడు వాడి పెళ్ళికి కూడా చొక్కా అంత శుభ్రంగా ఉంచుకోలేదు."

మైకు చేతిలోకి తీసుకున్న డబ్బా ఒక్కసారిగా బరువెక్కింది.

షెడ్డులో నాన్న ముఖానికి అద్దపు తొడుగు పెట్టుకుని ఒక కిటికీ చట్రానికి అతుకు వేస్తున్నాడు. చిటపటమని నిప్పురవ్వలు. మైకు గుమ్మంలో నిలబడి కళ్ళు గట్టిగా మూసుకుంది. తుంగ, ఎండ, డెక్కలు, నీళ్ళు, గరిటె, అంతా ఒక్క గుక్కలో చెప్పేసింది. 'కంచె తీసెయ్యాలి నాన్నా, నేనే తప్పు చెప్పాను' అన్నది కూడా చెప్పేసింది. ప్రాణం తేలికపడింది. ఇంత సులభమా అనుకుంది.

నాన్న మెషిను ఆపి తొడుగు పైకెత్తాడు. "ఏంటమ్మా? ఏదో అన్నావు, ఈ రొదలో వినపడలేదు."

పారిపోదామా అనుకుంది. గుమ్మం వెనకే ఉంది. కానీ నాన్న చెవి ఆమె వైపు తిప్పి, వంగి, నిజంగా వినడానికి నిలబడ్డాడు. అలా నిలబడ్డ మనిషిని వదిలి పోవడం చేతకాలేదు. మళ్ళీ మొదటినుంచీ చెప్పింది. ఈసారి కళ్ళు తెరిచే చెప్పాల్సి వచ్చింది.

 నాన్న చట్రం మీది మసిని బొటనవేలితో తుడిచాడు.

"మరి అప్పుడు అంత గట్టిగా ఎలా చెప్పావు?"

"తెలీక."

"తెలీకే అంత గట్టిగానా?" తన వేళ్ళు చూసుకున్నాడు. "ఆ పైన పూలు వంచడానికి నా వేళ్ళు ఎన్నిసార్లు కాలాయో తెలుసా?"

"నన్ను పట్టుకున్నది కూడా వాటిలో ఒకటే నాన్నా. వదల్లేదు."

ఆయన ముఖంలో ఏదో కదిలింది. నవ్వో ఏడుపో మైకుకి అర్థం కాలేదు. "గట్టిగా అతికాను మరి," అన్నాడు. లేచి టేపు జేబులో వేసుకున్నాడు. "మొత్తం తీసెయ్యాలా?"

"ఒక వైపు తీసినా చాలు. గేదె పట్టేంత."

"మామూలు గేదెనా, మా అక్క గేదెనా? మా అక్క గేదెలు లావు. పద, కొలుద్దాం."

శుక్రవారం పిల్లలు వచ్చేసరికి కంచెకి ఒక వైపు చువ్వలు లేవు. నాన్న రంపం పక్కన పెట్టి చెమట తుడుచుకుంటున్నాడు. మేనత్త బోర్డు చంకలో పెట్టుకుని, కుడితి తొట్టికి మూతగా బాగుంటుందని వచ్చినవాళ్ళందరికీ చెబుతోంది. ఆమె తోలుకొచ్చిన పెద్ద గేదె లోపలికి పోకుండా, మిగిలిన గుంజకి మెడ రుద్దుకుంటోంది. మైకు పొద్దున బడిలోనే మేడమ్‌కి సంగతంతా చెప్పింది. మేడమ్ "నేనూ చప్పట్లు కొట్టానుగా" అని తన నెత్తి మీద తనే ఒకటి మొట్టుకుంది.

"అక్కా, పూలెక్కడ?" ఒక చిన్నపిల్ల అడిగింది.

"మీ కాళ్ళ దగ్గరే. కదలకండి! తొక్కకండి. అంటే, తొక్కొచ్చు. మీరు కాదు, గేదెలు తొక్కాలి." మైకు తడబడింది. పిల్లలు పకపక నవ్వారు. నవ్వుతూనే గుంటల మీదకి వంగారు. ఆ తర్వాత నవ్వు ఒక్కొక్కరిగా ఆగింది.

పెద్ద గేదె గోకుడు చాలించి, తుంగలోకి ఒక అడుగు వేసి, నోటినిండా పీకింది.

"అయితే అక్కా, లోపల మళ్ళీ పూస్తాయా?"

అందరూ ఆమె వైపే చూస్తున్నారు. మేడమ్, మేనత్త, ఇటుకబట్టీ నుంచి వచ్చిన కూలీలు, రంపం పట్టుకున్న నాన్న. విత్తనాలు ఆ బురదలో ఇంకా ఉన్నాయో, కుళ్ళిపోయాయో ఆమె ఎరగదు.

"తెలీదు," అంది, అందరికీ వినపడేలా. "వచ్చే ఏడు వచ్చి చూద్దాం."

జవాబు సమయానికి తట్టడం ఆమెకి అదే మొదటిసారి. నోట్లో నురగ కూడా లేదు.