పెళ్లికూతురి ముందు నడిచేవాడు

జారిన మాటను వెనక్కి తీసుకోవడానికి గిడియన్‌కు ఆరు నెలల గడువు దొరికింది. అందులో ఒక్క రోజు కూడా అతను వాడుకోలేదు.

ఆ మాట కొత్త సంవత్సరం నాడు భోజనాల బల్ల దగ్గర పుట్టింది. జూన్‌లో కూతురు ఓస్లా పెళ్లి. షెట్లాండ్ దీవుల్లో ఉత్తరం కొసన ఉన్న స్కార్వో ఊళ్లో పెళ్లికూతురు ఇంటి నుంచి చర్చికి కాలినడకనే వెళుతుంది. ఆమె ముందు ఒక మనిషి ఫిడేలు వాయిస్తూ నడుస్తాడు. ఆ మనిషి ఆమె ఇంటివాడే అయ్యుండాలి. దారిలో పాట తెగకూడదు. వాయించేవాడు వెనక్కి తిరిగి చూడకూడదు, చూస్తే పిల్ల కాపురం వదిలి పుట్టింటికి వచ్చేస్తుందని పెద్దలు చెప్పేవారు. ఇప్పుడు దాన్ని నమ్మేవాళ్లు ఎవరూ లేరు, అలాగని తప్పేవాళ్లూ లేరు.

ఆ కుటుంబంలో అరవై ఏళ్లుగా ముందు నడిచినవాడు లౌరీ. గిడియన్‌కు పిల్లనిచ్చిన మామగారు. నవంబరులో పక్షవాతం వచ్చి ఆయన కుడిచెయ్యి పడిపోయింది. ఇక పెళ్లికి ఎవరు వాయిస్తారన్న మాట ఆ రోజు దాకా ఎవరూ ఎత్తలేదు. చివరికి ఓస్లాయే ఎత్తింది. తాతయ్య పాత పాట ఫోన్లో రికార్డు చేసి ఉంది కదా, స్పీకరు పెట్టుకుని నడిస్తే సరిపోతుందని మెల్లగా అంది.

"పెట్టె వెనకాల నడవడానికి నువ్వేమన్నా సంతకు తోలే గొర్రెవా?" అన్నాడు లౌరీ. అన్నాడేగాని ఎడమచేతిలో ఉన్న పులుసు చెంచాను తిరిగి పళ్లెంలో పెట్టేశాడు. గిడియన్ తన పెళ్లయిన ఇరవై ఎనిమిదేళ్లలో ఆయన కళ్లల్లో నీళ్లు తిరగడం చూడటం అదే మొదటిసారి. చూడలేకపోయాడు. చూడలేని మనిషి తల తిప్పుకోవాలి, నోరు తెరవకూడదు.

"నేను వాయిస్తాను" అన్నాడు.

"ఏంటి వాయించేది?" అంది భార్య మైమీ.

"ఫిడేలే."

"నీకొచ్చా?"

"జూన్‌కి వస్తుంది."

బల్ల చుట్టూ ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేదని తరవాత చాలాసార్లు అనుకున్నాడు. నవ్వితే వేళాకోళం కింద పోయేది.

గిడియన్ సంగీతానికి కొత్తవాడేం కాదు. పగలు పడవ మీద పని, దీవికీ దీవికీ మధ్య కార్లను దాటించే పెద్ద పడవ. సాయంత్రాల్లో మామగారి ఫిడేలు వెనక గిటారు. ఆ వెనక అన్న మాటే అతని విద్యంతా. లౌరీ జోరు పెంచితే పెంచడం, తగ్గిస్తే తగ్గించడం, ఆయన ఎటు తిరిగితే అటు తిరగడం. మంచి గిటారు ఉన్నప్పుడు ఉన్నట్టు తెలియకూడదు, లేనప్పుడు మాత్రం లేదని తెలియాలి అనేవాడు లౌరీ. అల్లుడి గురించి ఆయన నోట్లోంచి వచ్చిన మెప్పు అదొక్కటే. గిడియన్ దాన్ని పతకంలా దాచుకున్నాడు.

తీగల మీద వేళ్లు నడిపే పనేగా, నాలుగు నెలల్లో పట్టుబడుతుందని అతని ధీమా. మొదటి రోజే ఆ ధీమా చెదిరింది. గిటారుకు మెట్లుంటాయి, వేలు కాస్త అటూఇటూ పడినా మెట్టు సర్దుకుంటుంది. ఫిడేలుకు మెట్లు లేవు. వెంట్రుకవాసి జరిగితే చాలు, స్వరం ఏడుస్తుంది. ఇన్నేళ్లు తీగ నొక్కి నొక్కి గిడియన్ వేళ్ల కొనలు కొయ్యముక్కల్లా గట్టిపడి ఉన్నాయి. అదే బలంతో ఫిడేలును నొక్కాడు.

"దాని గొంతెందుకయ్యా పిసుకుతావు? నీకేం అపకారం చేసింది?" అన్నాడు లౌరీ.

రెండో వారం గిడియన్ ఒక ఉపాయం కనిపెట్టాడు. కరెంటు పనికి వాడే నల్లటి టేపును దారంలా సన్నగా కోసి, ఎక్కడెక్కడ వేలు పడాలో అక్కడ ఫిడేలు మెడకు అడ్డంగా అంటించాడు. ఏడు మెట్లు వచ్చాయి. ఎంతో ముచ్చటగా మామగారికి తీసుకెళ్లి చూపించాడు. లౌరీ దాన్ని అందుకున్నాడు. ఫిడేలును ఒళ్లో పెట్టుకుని, బాగున్న ఎడమచేతి గోటితో ఒక్కొక్క టేపునూ ఊడబెరికాడు. ఏడూ ఊడటానికి చాలాసేపు పట్టింది. గిడియన్ బడిలో తప్పు చేసిన పిల్లాడిలా ఎదురుగా నిలబడి చూశాడు.

"కళ్లకు పని చెబితే చెవులు నిద్రపోతాయి" అని చివరి టేపు ఉండచుట్టి పొయ్యిలో పారేశాడు లౌరీ.

ఇంట్లో సాధన సాగలేదు. మొదటి నెలలో కుక్క బయటికి పోయింది, రెండో నెలలో మైమీయే అతన్ని బయటికి పంపింది. పడవ మీద, కార్లు ఎక్కని వేళల్లో, కింది అరలో వాయించుకున్నాడు. మంచు లేని రోజున కూడా పొగమంచులో హెచ్చరికకు ఊదే కొమ్ము ఎందుకు ఊదుతున్నారని కెప్టెన్ మైకులో అడిగాడు. పడవంతా నవ్వింది. గిడియన్ కూడా నవ్వాడు, లోపల మాత్రం చలి పుట్టింది. పడవ మీద నవ్వితే నవ్వనీ, చర్చి దారిలో నవ్వితే? ఊరంతా గేట్ల దగ్గర నిలబడి ఉంటుంది. దారి అర మైలు కూడా ఉండదు, కాని పరువు పోవడానికి పది గజాలు చాలు.

ఏప్రిల్ నాటికి కొంత మెరుగయింది. పాట పాటలా వినిపించడం మొదలైంది. గొర్రెల బాట మీద ఒంటరిగా నడుస్తూ వాయించడం అలవాటు చేసుకున్నాడు. నడిస్తే తీగల మీద లాగే కమాను ఎగురుతుంది, గాలి వీస్తే తీగ మీద నుంచి జారుతుంది. రెంటినీ ఏదోలా లొంగదీశాడు. మొదటిసారిగా ఒక రాత్రి హాయిగా నిద్రపట్టింది.

మర్నాడే ఆ మాట చెవిన పడింది. ఓస్లా వంటింట్లో స్నేహితురాలితో ఫోన్లో మాట్లాడుతోంది. తండ్రి వసారాలో బూట్లు విప్పుకుంటున్న సంగతి ఆమెకు తెలియదు.

"నాన్నని చూసి జనం నవ్వితే నేను తట్టుకోలేనే. వద్దని చెబుదామంటే నోరు రావట్లేదు."

గిడియన్ విప్పిన బూటు మళ్లీ తొడుక్కుని చప్పుడు చేయకుండా బయటికి నడిచాడు. ఆ దీవుల్లో రైళ్లు లేవు, అయినా అతని గుండెల్లో పరిగెత్తాయి. ఇన్నాళ్లూ తను పాట చెడగొడతానేమోనని భయపడ్డాడు. ఇప్పుడు పిల్ల పెళ్లే చెడగొడుతున్నాడు. ఆమె ఆ రోజు తన పెళ్లి చూసుకోవాలా, తండ్రి పరువు కాపు కాయాలా? వాయిస్తానంటే కూతురికి దిగులు, వాయించనంటే మామగారికి గుండెకోత. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆ తరవాత చాలా రోజులు అన్నం సయించలేదు. వాయించడానికి కూర్చుంటే వచ్చిన పాట కూడా రాకుండా పోయేది.

పెళ్లి ఇంకా రెండు వారాలుందనగా మామగారింటికి వెళ్లి, తనవల్ల కాదని, ఆచారం తప్పినా సరే పెద్ద ఊరి నుంచి ఎవరినైనా వాయించేవాణ్ని పిలుద్దామని, ఓస్లా పరువు తీయలేనని చెప్పేశాడు. ఎలా చెప్పాలో దారి పొడుగునా కూర్చుకున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు, అన్నీ ఒకేసారి కక్కేశాడు.

లౌరీ అంతా విన్నాడు. విని, "ముందు వాయించు" అన్నాడు.

గిడియన్ వాయించాడు. లౌరీ కళ్లు మూసుకుని చివరిదాకా విన్నాడు. పడిపోయిన కుడిచెయ్యి ఒళ్లో కదలకుండా ఉంది.

"వాయించడం వచ్చిందయ్యా నీకు. గొప్పగా రాలేదు, వచ్చింది" అన్నాడు. "రానిది ముందు నడవడం. అది నేను నేర్పలేను. నాకెవరూ నేర్పలేదు."

ఆ మాటకు అర్థమేమిటో అడగాలనిపించింది. అడిగితే ఇంకో భయం నెత్తికెత్తుకోవలసి వస్తుందని అడగలేదు. పెద్ద ఊరి నుంచి ఎవరినీ పిలవనూ లేదు.

పెళ్లి రోజు ఎండ కాసింది, గాలీ వీచింది. గుమ్మం ముందు గిడియన్ ఫిడేలు భుజానికెత్తి నిలబడ్డాడు. అతని వెనక ఓస్లా. పడిపోయిన కుడిచేతిని ఆమె పట్టుకుని ఉండగా, ఎడమచేతి కర్ర ఊతంతో లౌరీ. వాళ్ల వెనక మైమీ, చుట్టాలు. కూతుర్ని పెళ్లి బట్టల్లో సరిగ్గా చూడనైనా లేదు, ఆమె బయటికి వచ్చేసరికే అతను అటు తిరిగి నిలబడి ఉన్నాడు. కమాను తీగకు ఆనించాడు.

మొదటి స్వరం శుద్ధంగా పలికింది. రెండోదీ పలికింది. గేటు దాటారు, పాట సాగింది. మొదటి ఇంటివాళ్లు గోడ దగ్గర టోపీలు తీసి నిలబడ్డారు. ఎవరూ నవ్వలేదు. రెండో ఇంటివాళ్లూ నవ్వలేదు. అతనికి కాస్త ఊపిరాడింది.

ఊపిరాడగానే చెవులు తమ పాత పనికి పోయాయి. ఇరవై ఎనిమిదేళ్లుగా అవి పక్కవాణ్ని విని నడవడానికి అలవాటుపడ్డవి. వెనక కంకర మీద ఓస్లా అడుగులు వినిపించాయి. లౌరీ చేతికర్ర టకటకమంది. కర్ర మెల్లగా పడుతోందని గిడియన్ పాట కాస్త మెల్లగించాడు. పాట మెల్లగయిందని వెనకవాళ్లు అడుగు మెల్లగించారు. అడుగులు మెల్లగయ్యాయని అతను ఇంకా మెల్లగించాడు. గొర్రెల బాట మీద ఇది జరగలేదు, అక్కడ వెనక ఎవరూ లేరు. పెళ్లి పాట కాస్తా శవయాత్ర పాటలా ఈడ్చుకుపోసాగింది. ఏం జరుగుతోందో అతనికి తెలుస్తూనే ఉంది, చెయ్యి మాత్రం వినడం లేదు. ఈడ్చిన కమాను గీరింది. గోడ దగ్గర ఎవరో పక్కవాళ్ల చెవిలో ఏదో అన్నారు. సగం దారిలో, అందరి కళ్ల ముందు, ఊరేగింపు దాదాపు ఆగిపోయింది.

అయిపోయింది అనుకున్నాడు గిడియన్. పిల్ల భయపడినంతా జరిగింది. వెనక్కి తిరిగి ఆమె ముఖం చూసి క్షమించమనాలనిపించింది. మెడ నరాలు లాగాయి. కమాను తీగ మీద ఒకే స్వరాన్ని పట్టుకుని వేలాడుతోంది.

"నాన్నా" అంది ఓస్లా వెనక నుంచి. గొంతు పెంచలేదు. "మా కోసం ఆగకు. నువ్వెలా నడిస్తే అలా వస్తాం. నడువు."

ఆమె గొంతులో సిగ్గు లేదు, జాలి లేదు. చిన్నప్పుడు కొండ మీద తప్పిపోయినప్పుడు అతని చొక్కా పట్టుకుని, ఎటు వెళితే అటు వచ్చిన పిల్ల గొంతే అది. గిడియన్ అడుగు వేశాడు. వెనక ఎవరున్నారో వినకూడదని పళ్లు బిగబట్టి, తన కాలికి తనే పాట కట్టుకుని నడిచాడు. నడిచేకొద్దీ పాట లేచింది. రెండు స్వరాలు తప్పాయి, ఒకచోట గాలి కమానును లాగింది. ఆగలేదు. వెనక అడుగులు వచ్చాయి, కర్ర వచ్చింది, అవి అతని వెంటే వచ్చాయి.

చర్చి గుమ్మం పక్కన అతను నిలబడ్డాడు. ఓస్లా, లౌరీ అతన్ని దాటి గడప లోపలికి వెళ్లి ఆగారు. పాట ముగిశాకే పెళ్లికూతురు లోపలికి నడుస్తుంది, అంతవరకు పాదిరీ కూడా నోరు విప్పడు. పాట చివరికొచ్చింది. గిడియన్ మళ్లీ మొదలుపెట్టాడు. అది ముగిసింది, మళ్లీ మొదలుపెట్టాడు. లోపల బల్లల మీద జనం కదిలారు, ఎవరో దగ్గారు. పాట ఎప్పుడు ఆపాలో చెప్పే మనిషి అతనికి ఎప్పుడూ ముందుండేవాడు. ఆయన మోచెయ్యి కాస్త పైకెత్తితే గిటారు ఆగేది. అతను ఆ మోచేతి కోసం చూస్తున్నాడు.

ఆ మోచెయ్యి గలాయన గడప లోపల కర్ర మీద వాలి నిలబడి ఉన్నాడు.

"ఆపాల్సింది నువ్వేనయ్యా అల్లుడూ" అన్నాడు లౌరీ.

అప్పుడు గిడియన్ తలెత్తి కూతుర్ని చూశాడు. ఆ రోజు ఆమెను నిండుగా చూడటం అదే మొదలు. పాట ఆపితే ఆమె వెళ్లిపోతుంది. ఆరు నెలలుగా పాట ఆగిపోతుందేమోనని భయంతో చస్తున్న మనిషికి ఇప్పుడు ఆపడమే చేతకావడం లేదు. ఓస్లాకు అది తెలిసింది. తొందర పెట్టలేదు. కళ్లు తుడుచుకోకుండా అతన్నే చూస్తూ నిలబడింది.

గిడియన్ ఇంకొక్కసారి వాయించాడు, ఎవరినీ వినకుండా, తనకు కావలసినంత నెమ్మదిగా. జనం దగ్గడం మానేశారు. చివరి స్వరాన్ని కమాను కొస దాకా లాగాడు. ఆ తరవాత లాగడానికి కమాను లేదు.

కమాను ఎత్తేశాడు. ఓస్లా తిరిగి లోపలికి వెళ్లింది.