పాలడబ్బాలో జపాన్ మాత్రలు

గోదారి పెద్ద వరద మా లంకని ముంచిన నాలుగో ఏడు ఇది జరిగింది. ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చిన ఏడని అందరూ అంటారు. అదీ నిజమే. నాకు మాత్రం లెక్క వరద నుంచే. ఆ వరద నా పొలం చెక్క మీద ఇసక మేట వేసి పోతేనే నేను ఈ ఇసకలోకి వచ్చాను.

కువైట్ ఊరి పక్క ఖైతాన్‌లో ఒక గదిలో ఆరేడుగురం ఉండేవాళ్ళం. గదికి పెద్ద భీమేశ్వరరావు గారు. మా కోనసీమ ఆయనే. అహ్మదిలో ఒక కాంట్రాక్టరు దగ్గర బస్సు తోలేవారు. ఇంకొకడు నరసింహులు. కడప జిల్లా, రాయచోటి పక్క పల్లె. నాతోపాటే సబ్హాన్ గిడ్డంగిలో మూటలు దించేవాడు. నాకంటే బాగా చిన్నవాడు. నోరు ఊరుకునేది కాదు. నేను మాట్లాడనని నా వంతు కూడా వాడే మాట్లాడేవాడు.

గదికి ఒక మాట ఉండేది. గదిలోకొచ్చింది గదిదే. ఊరి నుంచి ఎవరు వచ్చినా సంచీ చాప మీద బోర్లించాలి. రావు గారు పంచుతారు. మా ఇంటిది పంపిన మాగాయ జాడీ అలాగే పోయింది. నరసింహులు వాళ్ళమ్మ కట్టిచ్చిన చెనిక్కాయల పొడి అలాగే పోయింది. విడిగా దాచుకుని తిన్నవాడు ఆ గదిలో నిలవలేదు.

ఆ ఏడు వేసవి మొదట్లో గిడ్డంగిలో మూట ఎత్తుతూ నెత్తురు కక్కాను. ఆసుపత్రిలో పడేశారు. కడుపులో పుండన్నారు. మందులిచ్చి మాన్పారు. అక్కడే జపాన్ డాక్టర్లని మొదటిసారి చూశాను. నలుగురు వచ్చారు. ఎండలో పనిచేసే కూలోళ్ళ ఒంట్లో ఏమవుతుందో చూడ్డానికట. ఒకాయన కళ్ళు చూసేవాడు, ఒకాయన ఎముకలు, ఒకాయన చక్కెర జబ్బు. కడుపు చూసే ఆయన పేరు నిషిదా. సన్నటి మనిషి. గొట్టం చివర కెమెరా పెట్టి గొంతులోంచి దింపి నా కడుపు నాకే టీవీ అద్దంలో చూపించాడు. ఎర్రగా, తడిగా, గుహలాగా ఉంది.

ఆయన మాట మాకు చెప్పేది విజయదుర్గ. ఆ వార్డులో ఆయా. అమలాపురం దగ్గరి పిల్ల. ఇంగ్లీషు, అరబీ వచ్చు. నన్ను బాబాయ్ అనేది.

ఏం తింటావని అడిగించాడు డాక్టరు. ఊరగాయ, ఎండుచేపలు అన్నాను. ఆయన నవ్వాడు. వాళ్ళ దేశంలోనూ ఉప్పులో ఊరేసినవే తింటారట. కడుపులు అందుకే పాడవుతున్నాయేమోనని వాళ్ళు చాలా ఏళ్ళుగా చూస్తున్నారట.

నరసింహులుకీ కడుపునొప్పి ఉండేది. వాణ్ణి ఆ ఆసుపత్రికి తీసుకెళ్ళింది నేనే. వాడికీ పుండే. వాడికీ మాన్పారు. అప్పుడు ఇద్దర్నీ కూచోబెట్టి డాక్టరు ఒక సంగతి చెప్పించాడు. మానిన పుండు మళ్ళీ లేవకుండా ఆపే మందు ఒకటి ఉందట. అది ఎంత బాగా ఆపుతుందో చూడాలట. ఇష్టమైతేనే చేరమన్నాడు.

"బాబాయ్, మాత్రలు రెండు రకాలంట," అంది విజయదుర్గ. "ఒకదాంట్లో మందుంది. ఒకదాంట్లో ఉత్త పిండి. చూడ్డానికి రెండూ ఒకటే. ఎవరికేది పడిందో ఈయనక్కూడా తెలవదంట. వాళ్ళ దేశంలో ఉన్నోళ్ళకే తెలుసంట. నెత్తురు పడినా, మలం నల్లగా వచ్చినా పరిగెత్తుకు రావాలి. ఆలస్యమైతే ప్రాణం పోద్దంట."

నాకొక సీసా, వాడికొక సీసా ఇచ్చారు. మీద అంకెలు వేరు. లోపల మాత్రలు ఒకటే తెలుపు.

నేను మూడో తరగతితో ఆపేసినవాణ్ణి. అయినా నాకు తెలిసిందొకటుంది. ఏమిస్తున్నాడో తెలియకుండా ఇచ్చే డాక్టరు ఎక్కడా ఉండడు. ఆయనకి తెలుసు. చెప్పడు, అంతే.

కొన్నాళ్ళకే అది రుజువైనట్టనిపించింది. వంగి నడిచిన నరసింహులు నిటారుగా నడిచాడు. సంగటి ముద్ద పక్కన పచ్చిమిరపకాయ పెట్టుకుని కొరికేవాడు. కొరుకుతూ నా కంచం వంక చూసేవాడు. నేను పాలల్లో నానేసిన ఖుబ్జ్ రొట్టె తినేవాణ్ణి. అయినా నాకు పొట్ట పైభాగంలో ఉండుండి నొప్పి లేచేది.

"మీ గోదారోళ్ళకి నోట్లో తీపి, కడుపులో కారం అంటారు. నీకి నోట్లో గూడా తీపి లేదు గదన్నా, పుండు లేకుండా ఎట్ల బోతాది?" అనేవాడు.

గదిలో అందరూ నవ్వేవారు. నేను నవ్వేవాణ్ణి కాదు. వాడు నమిలే చప్పుడు వింటే నాకు ఒళ్ళు మండేది. నిద్ర లేస్తే వాడి మొహం చూసేవాణ్ణి, ఇంకా ఎంత నునుపెక్కిందా అని. డాక్టరు కూడా వాడితోనే నవ్వేవాడు. భాష రాకపోయినా వాడు చేతులూపి ఏదో చెబుతాడు, ఆయన నవ్వుతాడు. నవ్వించినవాడికి మందు, నోరు మూసుకున్నవాడికి పిండి. విజయదుర్గ కూడా ఒకరోజు, "ఆ తమ్ముడు చూడు బాబాయ్ ఎంత తేలిగ్గా ఉంటాడో. నువ్వూ అలా ఉంటే జబ్బు పారిపోద్ది," అంది. మా ప్రాంతపు పిల్ల కడపవాణ్ణి మెచ్చుకుంటే నాకు అన్నం కూడా సయించలేదు.

అప్పుడు ఇరాక్ వాళ్ళు వచ్చారు. తెల్లారేసరికి రోడ్ల మీద ట్యాంకులు. మాకు వీసా ఇచ్చిన యజమాని, మా కఫీల్, సౌదీలోకి దాటిపోయాడు. సబ్హాన్ గిడ్డంగి తలుపులు పగలగొట్టి ఉన్నదంతా లారీలకెత్తారు. ఆసుపత్రుల్లోంచి మంచాలు, యంత్రాలు, మందులు మోసుకుపోతున్నారని రావు గారు కబురు తెచ్చారు. మందుల షాపులు ఖలాస్. మళ్ళీ గొట్టం వేసి చూస్తామన్న రోజు వచ్చింది, పోయింది. మమ్మల్ని పిలిచినవాళ్ళు లేరు.

ఇప్పుడు నెత్తురు పడితే పరిగెత్తి ఎక్కడికి వెళ్ళాలి? సీసాలో ఉన్నదే మాకు మిగిలిన ఆసుపత్రి. వాడి సీసాలో మందుంది. నా సీసాలో పిండి ఉంది. నాకు ఆ ఒక్కటే ఆలోచన.

ఒక మధ్యాహ్నం అందరూ భోజనాల దగ్గర ఉండగా చెప్పాను. రావు గారండీ, మాత్రలు కూడా గదిలోకొచ్చినవే కదా, కలిపేద్దాం అన్నాను. గదిలో అంత మాట నేను ఎప్పుడూ ఆడలేదు. అందరూ తినడం ఆపారు.

నరసింహులు నా వంక కాసేపు చూశాడు. "నా కడుపు మీద గూడా పడినాదా అన్నా నీ కన్ను?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ అందులో నవ్వు లేదు.

రావు గారు ఆలోచించారు. మందు, ఊరగాయ ఒకటి కాదేమోరా అని ఒకసారి అన్నారు. మళ్ళీ ఆయనే, ఒకళ్ళకి దక్కి ఒకళ్ళకి దక్కకపోవడం ఈ గదిలో ఎప్పుడూ లేదన్నారు. ఖాళీ పాలడబ్బా తుడిచి చాప మీద పెట్టారు. నా సీసా వంచాను. నరసింహులు తన సీసా వంచాడు. రావు గారు మూతపెట్టి డబ్బాని బాగా ఊపారు. ఆ రోజు నుంచి ఇద్దరం అందులోంచే తీసుకున్నాం.

నాకు రెండు మూడు రోజుల్లోనే నొప్పి తగ్గింది. నా లెక్క తప్పలేదనుకున్నాను. వాడు మాత్రం అలాగే మిరపకాయ కొరికేవాడు, అలాగే నవ్వేవాడు. సగం మందు నాకు వచ్చినా వాడికేం తగ్గలేదే అని మళ్ళీ కుళ్ళు. మనిషి కాస్త పాలిపోయాడు. తిండి చాలక అందరమూ పాలిపోయాం కదా అనుకున్నాను.

ఆగస్టు సగం దాటాక ఒక పగటిపూట ఆసుపత్రి అంబులెన్స్ మా వీధిలో ఆగింది. విజయదుర్గ దిగింది. వెనకే నిషిదా డాక్టరు. గడ్డం పెరిగి ఉంది. జపాన్ వాళ్ళందరూ వాళ్ళ రాయబారి ఇంట్లో చేరిపోతున్నారట. ఆయనా వెళ్ళాలి. వెళ్ళేముందు దొరికినంతమందిని చూసి, మిగిలిన మాత్రలు తీసుకుపోదామని వచ్చాడట. అన్ని నెలల పని ఊరకే పోకూడదని.

సీసాలు అడిగాడు. రావు గారు పాలడబ్బా తెచ్చి ఇచ్చారు.

డాక్టరు మూత తీసి లోపలికి చూశాడు. ఇదేంటి బాబాయ్ అంది విజయదుర్గ. గదిలోకొచ్చింది గదిదేనండి అని రావు గారు మర్యాదగా మా పద్ధతి అంతా చెప్పారు. ఆ పిల్ల మొహం మాడ్చుకుని ఆయనకి చెప్పింది. ఆయన నరసింహులు మంచం మీద కూచుండిపోయాడు. ఒక మాత్ర తీసి వేళ్ళ మధ్య తిప్పాడు, మళ్ళీ లోపల వేశాడు.

ఎవరు కలపమన్నారని అడిగించాడు. నేనేనని చెప్పాను. ఎందుకని అడిగించాడు.

"వాడికి మందు పడింది. నాకు పిండి పడింది," అన్నాను.

విజయదుర్గ చెప్పింది. ఆయన నన్నే చూస్తూ ఏదో అన్నాడు. ఆ పిల్లకి నవ్వొచ్చింది, ఆపుకుంది.

"అది తెలుసుకుందామనే ఇంత దూరం వచ్చాడంట. ఆయనకంటే ముందు నువ్వే తెలుసుకున్నావంట బాబాయ్."

నేను నేల చూశాను. ఆయన కోప్పడలేదు. ఇక మీరిద్దరూ నా లెక్కలోంచి పోయారని మాత్రం చెప్పించాడు. పోయినా, వచ్చాను కాబట్టి చూస్తానన్నాడు. నన్ను పడుకోబెట్టి పొట్ట నొక్కాడు. కంటి కింద రెప్ప లాగి చూశాడు. బాగానే ఉన్నావన్నాడు. తర్వాత నరసింహుల్ని పడుకోబెట్టాడు. వాడి రెప్ప లాగి చూసి, రెండో కన్ను కూడా చూశాడు. లోపల నెత్తురు లేనట్టు తెల్లగా ఉంది. నాకు కూడా కనబడింది. మలం ఏ రంగులో వస్తోందని విజయదుర్గ అడిగింది. వాడు గోడవైపు తిరిగాడు.

"నల్లగా. తారు మాదిరి," అన్నాడు.

ఎన్నాళ్ళ నుంచి అంటే చాన్నాళ్ళన్నాడు. చెప్పలేదేం తమ్ముడూ అని ఆ పిల్ల గదిమింది.

"ఎట్ల జెప్పేదక్కా? నేను బాగుండానని అన్న కుళ్ళుకుంటాంటే నాకి బాగుండె. నొప్పి ఉన్నా మిరపకాయ కొరికితిని."

రావు గారు తల తిప్పుకున్నారు.

వాడిది మందు సీసా అయితే సగం నేను లాక్కున్నట్టు. నాది మందు సీసా అయితే సగం నేనే వాడికిచ్చినట్టు. ఏది నిజమని విజయదుర్గ చేత అడిగించాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. అప్పుడు నమ్మాను, ఆ మనిషికి నిజంగానే తెలియదని.

డాక్టరు తన చేతిసంచి తెరిచి ఒక మాత్రల అట్ట తీశాడు. ఇందులో పిండి లేదంట, ఆయన తన కడుపు కోసం వాడుకునేదంట అని చెప్పింది విజయదుర్గ. ఆయనకీ పుండేనట. అట్ట ఒక్కటే ఉంది. ఇద్దర్నీ చూశాడు. నరసింహులు చేతిలో పెట్టాడు. మిరపకాయ, ఊరగాయ వద్దన్నాడు. ఎండలో నిలబడొద్దన్నాడు. పాలడబ్బా మాకే వదిలేశాడు.

నిజం చెప్పాలంటే అప్పుడు మండినట్టు నాకు ఎప్పుడూ మండలేదు. అనుమానం లేని మందు అది. అదీ వాడికే. నాకు నొప్పి తగ్గినా, తిరగబెట్టదని ఎవరు చెప్పారు? ఇంకో అట్ట ఈ దేశంలో ఎక్కడుంది? వాడి పిడికిట్లోంచి వెండి కాగితం అంచు కనబడుతోంది. దాన్నే చూస్తూ నిలబడ్డాను.

అంబులెన్స్ వెళ్ళిపోయింది. ఆ తర్వాత జపాన్ వాళ్ళని ఇరాక్ వాళ్ళు బందీలుగా బాగ్దాద్ తీసుకుపోయారని విన్నాం. చలికాలంలో వదిలేశారని కూడా విన్నాం. ఎవరికి మందు పడిందో, ఎవరికి పిండి పడిందో చెప్పేవాళ్ళు మాకు మళ్ళీ ఎదురుపడలేదు.

వాళ్ళటు వెళ్ళగానే నరసింహులు మంచం మీద లేచి కూచున్నాడు. "పెద్దాయనా, గదిలోకొచ్చింది గదిదే గదా. ఆ డబ్బా ఇట్లియ్యండి," అన్నాడు. అట్ట మీద కాగితం చింపడానికి బొటనవేలు పెట్టాడు.

రావు గారు డబ్బా ముట్టుకోలేదు. నా వైపు చూశారు. మాట ఎత్తిందీ నేనే, వద్దనాల్సిందీ నేనే అన్నట్టు చూశారు.

"అట్ట అలాగే ఉంచు," అన్నాను.

"కుళ్ళు తీరినాదా అన్నా?"

"తీరలేదు. నువ్వు మింగు."

వాడు ఒకటి చింపి నోట్లో వేసుకున్నాడు. నీళ్ళు నేను ఇవ్వలేదు, రావు గారు ఇచ్చారు. గొంతు కదిలిందాకా చూశాను. నాకు దక్కని మందు వాడికి పనిచెయ్యకపోతే నేనూరుకోను. అదీ నా మనసు.

ఆ అట్ట పూర్తయ్యేసరికి వాడి మలం రంగు మారింది. వాడూ నేనూ కలిసే అమ్మాన్ దాకా లారీలో వెళ్ళాం. అదంతా తర్వాత.

ఆ రోజుల్లో రొట్టె కోసం బేకరీ ముందు ఎండలో వరస కట్టాలి. డాక్టరు వచ్చి వెళ్ళిన మర్నాడు వంతు నరసింహులిది. పొద్దున్నే వాడు లేవకముందే చెప్పులేసుకుని వెళ్ళి నేను నిలబడ్డాను. ముందు ఈజిప్టు వాళ్ళున్నారు, వెనక బెంగాలీలు. ఎండెక్కాక రొట్టెలు దొరికాయి. గదికొచ్చి ఒకటి తుంచి పాలపొడి నీళ్ళల్లో నానేశాను. కంచం వాడి ముందు పెట్టాను. ఉప్పు లేదేందన్నా అని సణిగాడు. మాట్లాడకుండా వాడి తలగడ కింద నుంచి అట్ట తీసి చేతిలో పెట్టి, మింగేదాకా అక్కడే నిలబడ్డాను.