తెల్ల పెట్టె

1937 ఎన్నికల నాటికి మార్కాపురంలో మితవాద రైతు పక్షం అని ఒకటి ఉండేది. స్వరాజ్యం రావాలి గాని తొందరపడి రాకూడదు. కూలి పెరగాలి గాని మన పొలంలో కాదు. పన్ను మాత్రం రేపటికల్లా తగ్గాలి. ఇదీ దాని సిద్ధాంతం. దానికి కార్యదర్శి ప్లీడరు ఆంజనేయులు. ఆఫీసు ఆయన వసారా. ఆ ఆఫీసుకు కాఫీలు, ఉప్మాలు ఆయన భార్య వెంకటసుబ్బులమ్మ వంతు. మద్రాసులో కాలేజీ చదువు చదివిన ఆమె, తర్కశాస్త్రంలో నేర్చిందంతా ఎసట్లో బియ్యం ఎంతమందికి పొయ్యాలో ఊహించడానికి వాడుతోంది.

"ఈసారి ఓడిపోతే పార్టీ వదిలేస్తా, సుబ్బులూ. కోర్టుకు పోయి నా కేసులు నేను చూసుకుంటా," అన్నాడు ఆంజనేయులు ఒకరోజు.

ఆ మాట విన్నప్పటి నుంచి ఆమెకు ఓటమి మీద లోలోపల మమకారం పుట్టింది. మధ్యాహ్నం పూట నడుం వాల్చడమంటే ఎలా ఉంటుందో ఆమె మరిచిపోయి చాలా కాలమైంది.

ఆ ఎన్నికల్లో ఒక్కో అభ్యర్థికి ఒక్కో రంగు పెట్టె. ఇచ్చిన చీటీని తెర వెనక్కి వెళ్ళి నచ్చినవాడి పెట్టెలో వెయ్యాలి. కాంగ్రెసుది పసుపు. వీళ్ళ అభ్యర్థి, గిద్దలూరు వైపు భూస్వామి పిచ్చయ్య, తెలుపు కోరుకున్నాడు.

"మల్లెపువ్వు లాంటి రంగు! మచ్చలేని పార్టీ అని చెప్పకనే చెప్పినట్లు," అని ఆంజనేయులు మురిసిపోయినాడు.

"ఏ ముత్తైదువైనా తెల్ల పెట్టెలో చెయ్యి పెడుతుందాండీ? పక్కనే పసుపు పెట్టుకొని?"

"రాజకీయాల్లో ఇవన్నీ ఏందే? చదువుకున్నదానివి!"

చదువుకున్నది కాబట్టే ఆమె ఊరుకుంది. ఆడవాళ్ళ ఓట్లు అడిగే పని కూడా ఆమె నెత్తినే పడింది. కుంకుమ భరిణె పట్టుకొని, పేరంటానికి పిలిచినట్లు గడప గడపా ఎక్కింది.

"నుదుట బొట్టు పెట్టి తెల్ల పెట్టె కాడికి పిలుస్తావా, వదినా? మా ఆయన ఇంకా బతికే ఉండాడే!" అని ఒకామె పడీ పడీ నవ్వింది. మరొకామె నవ్వలేదు, బొట్టు తుడుచుకొని మళ్ళీ పెట్టుకుంది.

వచ్చేదారిలో మిషన్ బడి పంతులమ్మ లీదియా ఎదురైంది.

"మా పెళ్ళికూతుళ్ళు కట్టేది తెల్లచీరే గదక్కా! మీ పెట్టె మాకైతే శుభమే."

"అయితే మీరన్నా వెయ్యండమ్మా."

"మా క్రైస్తవులకు ఓటు వేరే, సీటు వేరే. మీ పెట్టె మేం చూడనన్నా చూడం."

పార్టీ రంగును శుభంగా చూసే ఆడవాళ్ళు ఊళ్ళో ఉన్నారు. వాళ్ళ చీటీ మాత్రం ఆ పెట్టె దాకా రాదు. వెంకటసుబ్బులమ్మ నవ్వడానికి కూడా ఓపిక లేక ఇంటికి వచ్చేసింది.

ఓటు రోజున అత్త ఓబులమ్మను వెంటబెట్టుకొని, ఆడవాళ్ళకు వేరుగా పెట్టిన ఓటు గదికి వెళ్ళింది. పుట్టింటి భూమి తన పేరున ఉండబట్టి ఓబులమ్మకూ ఓటుంది. మామగారు అర్ధవీడులో సేద్యం చూసుకుంటున్నారు.

ఓబులమ్మ తెర వెనక నుంచి వచ్చి కోడలి చెవిలో, "కొడుకంటే నాకు ప్రాణమే. అట్లని మీ మామను చంపుకోలేను గదే," అంది.

తర్వాత వెంకటసుబ్బులమ్మ వెళ్ళింది. రెండు పెట్టెలూ పక్కపక్కనే ఉన్నాయి. పసుపులో వేస్తే ఇల్లు ఇల్లవుతుంది. వసారాలో పిచ్చయ్య మనుషులు ఊసిన కిళ్ళీ మరకలు, తను కడిగిన గ్లాసులు గుర్తుకొచ్చాయి. ఎండలో తిరిగి తిరిగి నల్లబడి, అద్దం ముందు ఉపన్యాసం వల్లించుకునే మొగుడు కూడా గుర్తుకొచ్చాడు. ఆయనకు ఒక్కరైనా వెయ్యకపోతే ఎట్లా? గాజుల చెయ్యి చాపి తెల్ల పెట్టెలో వేసి, ఇంటికొచ్చి ఉప్మాకు నీళ్ళు పెట్టింది.

పార్టీ చిత్తుగా ఓడింది. లెక్కింపు నుంచి వచ్చి ఆంజనేయులు కుర్చీలో కూలబడ్డాడు.

"ఆడవాళ్ళ గది తెల్ల పెట్టె తెరిస్తే ఒక్కటంటే ఒక్క చీటీ ఉన్నింది."

వెంకటసుబ్బులమ్మ నోరు తెరవబోయింది.

"నీది కాదులే, నువ్వు ముందే చెప్పినావు గదా, ముత్తైదువ వెయ్యదని. అమ్మదే!" ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. "నువ్వే గదమ్మా?"

ఓబులమ్మ కోడలి వైపు ఒకసారి చూసి, చూపు గోడ మీదికి మార్చుకుంది.

"కన్నతల్లిని గదరా, నాయనా!"

"పసుపు కుంకాలు గూడా పక్కన పెట్టి మా అమ్మ ఓటేసిన పార్టీని నేనెట్ల వదిలేది? ఊపిరి ఉన్నంతకాలం వదలను."

ఆ ఓటు తనదేనని వెంకటసుబ్బులమ్మ చెప్పవచ్చు. చెబితే పెళ్ళాం కోసం వదలడు, చెప్పకపోతే తల్లి కోసం వదలడు. ఎటూ వదలడు.

వీధిలో చెప్పుల చప్పుడయింది. పార్టీవాళ్ళు ఓటమికి కారణాలు చర్చించడానికి వస్తున్నారు.

"సుబ్బులూ, ఆరుగురికి కాఫీ!" ఆంజనేయులు వసారాలోకి పోయినాడు.

వెంకటసుబ్బులమ్మ చాప పరుచుకొని గోడవైపు తిరిగి పడుకుంది.

"లెయ్యండత్తా," అంది. "పార్టీకి ఓటేసినవాళ్ళే కాఫీ కాచాలి."

ఓబులమ్మ కాసేపు గొణిగింది. తర్వాత మోకాళ్ళు పట్టుకొని లేచి, పొయ్యి దగ్గరికి నడిచింది.