ఊరమిరపకాయల కాపలా

తాహెర్ ప్యాంటు అంచు మడిచి మిషను కిందకు జరిపాడు. మెల్‌బోర్న్ శివారు ఫుట్‌స్క్రేలో బట్టలు సరిచేసే ఆ కొట్టుకు వచ్చే మనవాళ్ళెవరికైనా ఇక్కడి ప్యాంట్లు పొడవే. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు తలకిందులవుతాయన్న వైటూకే పనికని కంప్యూటర్ కుర్రాళ్ళు గుంపులుగా దిగారు. జనవరి ఒకటిన ఏమీ కాకుండా లోకం ఎప్పట్లాగే నడిచేసరికి, పాపం, మళ్ళీ ఇంటర్వ్యూలకని కొత్త ప్యాంట్లు పట్టుకొస్తున్నారు.

బయట ఎడారి మీంచి వచ్చే ఉత్తరగాలి నిప్పులు చెరుగుతోంది. అయినా అతని కుర్చీకి బూడిదరంగు స్వెటర్ వేలాడుతోంది, భార్య ఖైరున్నీసా అల్లింది. మెల్‌బోర్న్‌లో పొద్దున చెమటలు, సాయంత్రం వణుకు. స్వెటర్ లేకుండా గడప దాటితే ఆవిడ ఊరుకోదు. కొట్టు యజమానురాలు మరియా దాన్ని చూసి రోజూ నవ్వుతుంది. తాహెరూ నవ్వుతాడు. పెళ్ళాం మాట జవదాటడన్న పేరంటే అతనికి లోలోపల గర్వమే.

కడపలో మే నెల అంటే ఎండే, అందులో అనుమానం లేదు. ఇక్కడికొచ్చిన మొదటి ఏడాది ఖైరున్నీసా ఆ ధైర్యంతోనే మే నెలలో మిరపకాయలకు గాట్లు పెట్టి, ఉప్పు మజ్జిగలో ఊరేసి, పెరట్లో ఆరబోసింది. ఇక్కడ మే నెలకు చలి మొదలవుతుందని ఇద్దరికీ తట్టలేదు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయినట్టు, ముసురుకు కాయలన్నీ బూజు పట్టాయి. ఇంత దూరం ఎందుకొచ్చామని ఆవిడ ఆ సాయంత్రం ఏడ్చింది. అప్పట్నుంచి ఊరమిరపకాయలు జనవరికి మారాయి. మబ్బుల కాపలా తాహెర్ నెత్తిన పడింది.

ఈసారి కాయలు కూతురు యుస్రా కోసం. వేరే రాష్ట్రంలో, టూవూంబా అనే ఊళ్ళో నర్సు. తొలి కాన్పు, అన్నం సయించడం లేదు. మొన్న ఫోన్లో ఒక్కటే అడిగింది.

"అమ్మ చేసే ఊరమిరపకాయలుంటే ముద్ద దిగుతాది నాన్నా."

ఈ ఒక్క ఎండా తగిలితే రేపు పార్సిల్ కట్టొచ్చు.

మధ్యాహ్నం దాటాక గుమ్మానికి వేలాడే ప్లాస్టిక్ తెర ఊగడం ఆగిపోయింది. మిషను మీద తాహెర్ కాలూ ఆగింది. ఉత్తరగాలి పడిపోయిందంటే దక్షిణపు గాలి వానను వెంటేసుకుని వస్తున్నట్టే. ఖైరున్నీసా వృద్ధాశ్రమం వంటింట్లో పనిలో ఉంది, సాయంత్రం దాకా రాదు. అతను ఎన్నడూ లేనిది మరియాను సెలవడిగాడు, మిరపకాయలున్నాయని చెప్పాడు. ఆమె ఈసారి నవ్వలేదు. అతని మొహాన చెమట చూసి కాసేపు కూర్చుని వెళ్ళమంది. ఎండకేలే అనేసి స్వెటర్ భుజాన వేసుకుని బయల్దేరాడు. దారిలో ఎడమ చెయ్యి లాగింది. రోజంతా మిషను మీద వంగితే లాగదా అనుకున్నాడు.

పెరటి గేటు తీసేసరికి నైరుతి మూల మబ్బు కమ్ముకొచ్చింది. కాయలు ఆరబోసిన దుప్పటిని కొసలు పట్టి కారు షెడ్డులోకి లాగాడు. వాన ఏటవాలుగా అక్కడికీ కొట్టింది. భుజాన ఉన్న స్వెటర్ తీసి కాయల మీద పరిచి, అంచులు దోపి, పక్కనున్న కుర్చీలో కూలబడ్డాడు. వారంగా ఉడికిన ఒంటికి చల్లగాలి ఎంతో హాయిగా తగిలింది. యుస్రా కంచంలో వేడన్నం, పెరుగు, పక్కన వేయించిన కాయ కళ్ళముందు మెదిలాయి. కాయలు దక్కాయి కదా అని తృప్తిగా కళ్ళు మూసుకున్నాడు.

ఖైరున్నీసా వచ్చేసరికి వాన వెలిసింది. చలిగాలి కొడుతోంది. మనిషి పల్చటి చొక్కాతో షెడ్డులో కూర్చుని ఉండటం చూసి గేటు దగ్గర్నుంచే మొదలుపెట్టింది.

"ఈ చలిలో స్వెటర్ లేకుండా ఎట్ల కూర్చున్నారండీ? ఎన్నేండ్లు చెప్పాల మీకు?"

దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకుంది. అది అప్పటికే చల్లబడిపోయింది. అయినా తన రెండు చేతుల మధ్య పెట్టుకుని చాలాసేపు రుద్దుతూనే ఉంది.

పక్కన, పైపైన తడిసి బరువెక్కిన స్వెటర్ కింద, ఊరమిరపకాయలు ఒక్కటీ తడవకుండా గలగలా ఎండి ఉన్నాయి.