ఎవరూ తీసుకోని రాజీనామా

ఆడది సంఘ పెద్ద కావచ్చా కాకూడదా అని మా ప్రెస్బిటేరియన్ సంఘం రెండుగా చీలింది. కావచ్చనేవాళ్లూ, కూడదనేవాళ్లూ అదే బైబిలు తెరిచి చూపిస్తారు. నేను సంఘ పెద్దల ఎన్నికల్లో గెలిచాను, పాస్టరుగారు నా మీద చేతులుంచి ప్రార్థించారు. ఆ మరుసటి ఆదివారం నుంచి పటాన్‌చెరులోని మా చర్చిలో సగం బెంచీలు ఖాళీ అయ్యాయి. వెళ్లిపోయిన ఆ సగంలో మా అమ్మ కూడా ఉంది.

అమ్మ పేరు సంగమ్మ. పటేల్‌గూడలో మా తమ్ముడు సునీల్‌కుమార్ ఇంట్లో ఉంటుంది. తమ్ముడు అవతలి వర్గంలో పెద్ద. వాళ్లు అక్కడే ఒక ఫంక్షన్‌హాలు కిరాయికి తీసుకుని ఆరాధన పెట్టుకున్నారు. అమ్మకు చేతులు వణుకుతాయి. ప్రభువు బల్ల అని రొట్టె, ద్రాక్షరసం పంచే ఆదివారం, ఆ రసం గిన్నెను ఆమె పెదవుల దాకా నేనే పట్టేదాన్ని. ఇంకొకరు పడితే నోరు తెరవదు, అంత మొండి మనిషి. చీలిక వచ్చాక ఒక్కసారి కూడా బల్ల తీసుకోలేదని ఫోన్లో ఏడ్చింది.

సుల్తాన్‌పూర్‌ ఫ్యాక్టరీలో సిరంజీలు ప్యాక్ చేసుకునే నాకు ఈ పెద్దరికం ఎందుకు, దిగిపోతే అమ్మ పక్కన కూర్చోవచ్చు కదా అనుకున్నాను. పాస్టరుగారి దగ్గరికి వెళ్లి రాజీనామా ఇస్తానన్నాను.

"నువ్వు దిగితే వాళ్లదే నిజమని ఒప్పుకున్నట్టయితది ప్రేమలతమ్మా. నేను తీసుకోను" అన్నారాయన.

సరే, అవతలివాళ్లకే ఇద్దామని తమ్ముడి దగ్గరికి వెళ్లాను.

"మాకెట్ల ఇస్తవక్కా? నువ్వు పెద్దవే కాదని గదా మేమంటున్నది. రాజీనామా తీస్కుంటే నువ్వు పెద్దవని ఒప్పుకున్నట్టే" అన్నాడు.

"మరి నన్నేం జెయ్యమంటవ్ తమ్మీ? నిలవడుడే తప్పయిందని అందరి ముందర చెప్పాల్నా? చెప్త."

వాడు తల దించుకున్నాడు. "ఇప్పుడు గాదు. చర్చి జాగ మాదా మీదా అని సంగారెడ్డి కోర్టుల కేసు నడుస్తుంది. అది తేలేదాక అవతలోళ్లను ఎవ్వర్నీ బల్లల కలుపొద్దని వకీలు చెప్పిండు."

దేవుడు క్షమించినా వకీలు క్షమించాలట. నవ్వాలో ఏడవాలో తెలియక వాడి భార్య ఇచ్చిన చాయ్ తాగి వచ్చేశాను.

అయినా మనసు ఊరుకోలేదు. తర్వాతి బల్ల ఆదివారం ఆ ఫంక్షన్‌హాలుకే వెళ్లి అమ్మ పక్కన కూర్చున్నాను. ఎవరూ పొమ్మనలేదు. పైగా లింగం మామ ఫ్యాను నా వైపు తిప్పాడు. ఆయనా ఆ వర్గంలో పెద్దే. అంత మంచివాళ్లతో ఏమని పోట్లాడను?

రొట్టె పంచడం అయ్యాక తమ్ముడు చిన్న గిన్నెల పళ్లెం పట్టుకుని మా వరుసకు వచ్చాడు. అమ్మ ఒక గిన్నె తీసుకుని, అలవాటుగా నా వైపు జరిపింది. నా చెయ్యి దానంతటదే లేచింది.

"అక్కా, చెయ్యి వెట్టకు" అన్నాడు తమ్ముడు మెల్లగా. "అందరు సూస్తున్నరు." వాడి కళ్లలో నీళ్లున్నాయి. అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

నేను చెయ్యి దించేశాను. తమ్ముడే గిన్నె అందుకుని అమ్మ నోటి దగ్గర పెట్టాడు. ఆమె పెదవులు బిగించుకుని తల పక్కకు తిప్పుకుంది.

"తీస్కపో కొడుకా" అంది. "నా బిడ్డకు లేంది నాకెందుకు?"

పళ్లెం పక్క వరుసకు వెళ్లిపోయింది. పాట మొదలైంది. అమ్మ చేతులు ఒళ్లో వణుకుతున్నాయి. బల్లను ముట్టుకోవద్దన్నారు గాని, ఉత్త చేతులు పట్టుకోవద్దని ఎవరూ అనలేదు. అయినా పట్టుకోవడానికి నాకు ధైర్యం చాలలేదు.