మా తోట పళ్ళే, తినండి

నూజివీడు మామిడి మార్కెట్‌కి రైతన్నవాడు కాయ అమ్మడానికి వెళ్తాడు. రెడ్డిగూడెం లక్ష్మీనరసింహారావు మాత్రం ఎనిమిదెకరాల తోట ఉండి కూడా కిందటేటి నుంచి అక్కడికి కొనడానికి వెళ్తున్నాడు. తలకి తువ్వాలు చుట్టుకుని, తెలిసినవాళ్ళు ఎదురైతే రేటు కనుక్కుందామని వచ్చానని చెప్పి, రసాలు పెట్టెలకి పెట్టెలు కారు డిక్కీలో వేయించుకుని ఇంటికొచ్చి, "మన తోటవే" అనేవాడు.

ఈ అవస్థ ఎందుకొచ్చిందో చెప్పాలి. ఆ చుట్టుపక్కల తోటలు పూత మీదే అమ్ముడుపోతాయి. చెట్టు పూతకి రాగానే వ్యాపారి వచ్చి తోటంతా కలియదిరుగుతాడు. అతనొక మాట అంటాడు, రైతొక మాట అంటాడు, బేరం తెగుతుంది. ఆ రోజు నుంచి ఆఖరి కాయ దిగేదాకా కాపు వ్యాపారిదే. కాపలా అతనిదే, మందుల ఖర్చు అతనిదే, గాలివానకి రాలితే నష్టమూ అతనిదే. కాకపోతే మర్యాదకి రెండు చెట్లు రైతుకి వదులుతారు. వాటిని ఇంటి చెట్లంటారు. ఆవకాయకైనా, పిల్లలకైనా, చుట్టాలకైనా ఆ రెండు చెట్ల కాయే.

లక్ష్మీనరసింహారావు ఆ రెండు చెట్లు కూడా అమ్మేశాడు. పైగా ఒక ఏడాది కాపు కాదు, మూడేళ్ళ కాపు ఒకేసారి వెంకటేశ్వర్లు అనే వ్యాపారికి ఇచ్చి డబ్బు తీసుకున్నాడు. నోటిమాట మీద జరిగిన బేరం కాబట్టి ఇంట్లో భార్య ప్రమీలారాణికి తెలియలేదు. ఆ తోట ఆమెకి వాళ్ళ నాన్న పసుపు కుంకుమ కింద రాసిచ్చినది.

అతనికి తాగుడు లేదు, పేకాట లేదు. ఉన్నదల్లా పెద్దరికం. ఎవరైనా ఏదైనా అడిగితే "లేదు" అనే మాట అతని నోటికి రాదు. చందా అడిగితే పక్కవాడికంటే ఎక్కువ రాయాలి. కూతురు సుప్రజ ఓణీల ఫంక్షన్‌కి డ్రోన్ కెమెరా ఎగరాలి. వీధిలో ఇంకెవరికీ లేనంత పొడుగు కారు వాకిట్లో ఉండాలి, అది తిరగడానికి వీల్లేక రోజూ వెనక్కి నడుపుకుంటూ బయటికి పోవాలి. అన్నిటికంటే ముఖ్యం, వేసవి వస్తే బంధువులకీ, డాక్టరుగారికీ, బ్యాంకు మేనేజరుకీ, ఎప్పుడో ఒకసారి పని చేసిపెట్టిన గుమాస్తాకీ పళ్ళ పెట్టెలు వెళ్ళాలి. ఫోన్లో వాళ్ళు "మీ తోట రుచే వేరండీ" అంటుంటే అతను కళ్ళు మూసుకుని వినేవాడు. ఆ మాట కోసం అప్పు చేశాడంటే నమ్మాలి మరి.

ఈ మే నెలకి అన్నీ ఒకేసారి మీదపడ్డాయి. కుదువ పెట్టిన బంగారం విడిపించకపోతే వేలం వేస్తామని ఫోన్లు మొదలయ్యాయి. కారు వాయిదాలు రెండు తప్పాయి. పాడిన చీటీకి నెలనెలా కట్టాల్సింది ఆగిపోయింది. అలాంటప్పుడు వెంకటేశ్వర్లు చల్లగా ఒక మాటన్నాడు.

"ఇంకో ఐదేళ్ళు రాసివ్వండి, రావుగారూ. మీ బాధలన్నీ ఒక్క దెబ్బతో తీరిపోతాయి. ఈసారి మాత్రం కాయితం ఉండాలి. పాస్‌బుక్ అమ్మగారి పేరు మీదుంది గదా, ఆవిడ సంతకం చాలు. సోమవారం వస్తాను."

ఆ డబ్బు ఏడాది కూడా నిలవదని లక్ష్మీనరసింహారావుకి తెలుసు. ఆ తర్వాత అమ్మడానికి కాపు ఉండదు, నేలే మిగులుతుంది. తెలిసి కూడా "అలాగే" అన్నాడు. ప్రమీలని ఎలా ఒప్పించాలా అని రెండు రోజులు తల బద్దలు కొట్టుకున్నాడు. ఆమె మంచి మూడ్‌లో ఉన్నప్పుడు కాయితం ముందు పెడదామనుకున్నాడు. ఆ మంచి మూడ్ ఆదివారం దానంతటదే వచ్చేలా కనిపించింది. ఏలూరు నుంచి ఆమె చెల్లెలు, మరిది ప్రేమ్‌చంద్ వస్తున్నామని ఫోన్ చేశారు.

వచ్చీ రాగానే ప్రేమ్‌చంద్ అన్నాడు, "అన్నయ్యగారూ, పెట్టెలో పళ్ళు ఎప్పుడూ తినేవే. ఈసారి తోటకెళ్ళి చెట్టు మీద నుంచి నా చేత్తో కోసుకోవాలి."

లక్ష్మీనరసింహారావు ఆకాశం వంక చూశాడు. "ఎండ ఎక్కువగా ఉందయ్యా" అన్నాడు. చెట్ల కింద నీడే కదా అన్నాడు ప్రేమ్‌చంద్. ప్రమీలారాణి అప్పటికే పులిహోర కలుపుతోంది. అతను దొడ్లోకి వెళ్ళి, తోటలో వెంకటేశ్వర్లు కాపలా పెట్టిన దుర్గకి ఫోన్ చేశాడు. "చుట్టాలొస్తున్నారమ్మా. కోసుకోనియ్యి, ఏం అనకు. ఎంతైతే అంత నేను తర్వాత కడతాను." దుర్గ సరేనంది. ఆమె మొగుడు గంగరాజు కోతకి పోయాడు, ఆమె ఒక్కతే ఉంది.

తోట గేటు పక్కనే రోడ్డు మీద వెంకటేశ్వర్లు పందిరి వేసి చిల్లర అమ్మకం పెట్టించాడు. దుర్గ కాటా ముందేసుకుని కూర్చుంది. ప్రేమ్‌చంద్ చిన్నపిల్లాడిలా రెండు ఇంటి చెట్ల చుట్టూ తిరిగి బస్తాడు కాయలు దింపాడు. అతను ఒక్కో కాయ తుంచుతుంటే లక్ష్మీనరసింహారావు మనసులో కాటా ఊగుతోంది. "చాల్లే, కింద కొమ్మవి పుల్లగా ఉంటాయి" అని రెండుసార్లు ఆపబోయాడు. లాభం లేకపోయింది.

అందరూ దుప్పటి పరుచుకుని పులిహోరకి కూర్చున్నాక అతను ఫోన్ తీసుకుని, ఎవరితోనో మాట్లాడుతున్నట్టు నటిస్తూ పందిరి దాకా నడిచాడు. దుర్గ వేళ్ళు చూపించి లెక్క చెప్పింది. అతను స్కాన్ చేసి, పిన్ కొట్టి, ఊపిరి పీల్చుకున్నాడు. అప్పుడు కాటా పక్కనున్న చిన్న డబ్బా గొంతు విప్పింది.

"మూడు వేల రెండు వందల రూపాయలు అందాయి."

తోటలో గాలి కూడా లేదేమో, ఆ మాట చెట్ల కింద అందరికీ వినపడింది. దుర్గ గబగబా డబ్బా మీద చెయ్యి అడ్డం పెట్టింది గానీ అది చెప్పాల్సింది అప్పటికే చెప్పేసింది.

"ఏం కొన్నారు అన్నయ్యగారూ?" అని కేకేశాడు ప్రేమ్‌చంద్.

"కొబ్బరి బొండాలు."

"ఏవి మరి?"

లక్ష్మీనరసింహారావు బొండాల కోసం పందిరి కింద వెతికాడు. ప్రమీలారాణి చెయ్యి కడుక్కుని తాపీగా లేచి పందిరి దగ్గరికి వచ్చింది. మొగుడి వంక చూడలేదు, దుర్గనే అడిగింది. చుట్టాల ముందు ఏం అనకు అన్నాడు గానీ, అమ్మగారికి కూడా తెలియదని దుర్గకి ఎవరూ చెప్పలేదు. "కాయల డబ్బులేనమ్మా. ఇంటి చెట్లు కూడా మా వెంకటేశ్వర్లు సేటువేగా. వచ్చే ఏటివి కూడా మావే" అంది.

ప్రమీలారాణి వెనక్కెళ్ళి చెల్లెలికి ఇంకొంచెం పులిహోర వడ్డించింది. సాయంత్రం వాళ్ళు బస్సెక్కేదాకా నవ్వుతూనే ఉంది.

వాళ్ళు వెళ్ళాక ఆమె అరుగు మీద చింతపండు ముందేసుకుని పిక్కలు తీస్తూ కూర్చుంది. "చెప్పండి" అంది.

అతను చెప్పాడు. అప్పులు తీర్చినట్టే వాయిదాల్లో చెప్పాడు. ముందు మూడేళ్ళ కాపు సంగతి. ఆమె "ఇంకా?" అంది. బంగారం సంగతి. "ఇంకా?" కారు. "ఇంకా?" చీటీ. ఆ తర్వాత ఊళ్ళో వడ్డీకి తెచ్చిన చేబదుళ్ళు. ఆమె ఇంకో పిక్క తీసి పక్కన పడేసింది. అప్పుడు రేపు రాబోయే కాయితం సంగతి కూడా బయటికొచ్చింది.

ఆమె చెయ్యి ఆగిపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మా నాన్న కావడేసుకుని నీళ్ళు మోసి బతికించిన చెట్లండీ అవి. వాటి కింద కూర్చుని నేను కాయలు కొనుక్కుని తిన్నాను ఇవాళ."

అతను కింద పడ్డ పిక్కలు ఏరసాగాడు. సిగ్గుతో తల వాలిపోయింది. ఇన్నేళ్ళలో ఆమె అతన్ని ఎన్నో మాటలంది గానీ ఏదీ ఇంత లోతుకి దిగలేదు.

"మొత్తం ఎంత?" అంది కొంగుతో ముక్కు తుడుచుకుని.

"సుమారుగా..."

"సుమారు వద్దు."

నిజానికి మొత్తం ఎంతో అతనికీ తెలియదు. విడివిడిగా ఉంటే ఒక్కో అప్పుకీ సర్ది చెప్పుకోవచ్చని ఎప్పుడూ కూడలేదు. ఇద్దరూ ఫోన్లో క్యాలిక్యులేటర్ తీసి కూడారు. ఆమె చదివింది, అతను నొక్కాడు. ఆఖరి అంకె చూసి అతను మళ్ళీ మొదటినుంచి నొక్కాడు, మళ్ళీ అదే వచ్చింది. పెద్ద మొత్తమే, కానీ అతను లోలోపల భయపడుతున్నదాంట్లో సగానికి కాస్త ఎక్కువ, అంతే.

"దీనికా ఐదేళ్ళ తోట?" అంది ప్రమీలారాణి. ఆమె గొంతులో కోపం పోయి పని మొదలైంది. "కారు అమ్మేద్దాం. దాని డబ్బుతో ఆ వాయిదాల పీడా వదులుతుంది, చేబదుళ్ళు కూడా తీరతాయి. సుప్రజ కాలేజీకి బస్సులో వెళ్తుంది, కాళ్ళేం అరగవు. మీ వరిపొలం మీద వచ్చే కౌలు డబ్బు నా చేతికివ్వండి, ఇంటి ఖర్చూ చీటీ బాకీ అందులోనే. బంగారానికి వడ్డీ కట్టి గడువు తీసుకుందాం. పళ్ళ పెట్టెలు బంద్. ఒక్కటి కూడా వెళ్ళదు."

కారు పోతుందంటే ఊరుకున్నవాడు పెట్టెల మాటకి ఉలిక్కిపడ్డాడు. "ఏమని చెప్తాం ప్రమీలా? కాపు రాలేదందామా?"

"ఉన్నదున్నట్టు చెప్పండి. అందరికీ మీరే ఫోన్ చెయ్యండి. అప్పులున్నాయి, పంపలేను అనండి. అబద్ధం చెప్తే వచ్చే ఏడు మళ్ళీ కొని పంపుతారు, నాకు తెలుసు."

సోమవారం పొద్దున్నే వెంకటేశ్వర్లు కాయితాలు పట్టుకుని వచ్చాడు. ప్రమీలారాణి కాఫీ ఇచ్చి గుమ్మం పక్కన నిలబడింది. తనే చెప్పేద్దామని నోరు తెరవబోతుంటే లక్ష్మీనరసింహారావు గొంతు సవరించుకున్నాడు.

"లేదండీ వెంకటేశ్వర్లుగారూ. సంతకం లేదు. వచ్చే ఏటి కాపు మీదే, మాట తప్పను. ఆ పైన తోట మాది."

వెంకటేశ్వర్లు కప్పు కింద పెట్టాడు. "డబ్బు అవసరమన్నారు గదా."

"అవసరమేనండీ. చేతిలో లేవు. మీకు తెలిసినవాళ్ళెవరికైనా కారు కావాలంటే చెప్పండి."

వ్యాపారి గట్టివాడే గానీ చెడ్డవాడు కాదు. కాయితాలు మడిచి జేబులో పెట్టుకుని, వాకిట్లోకెళ్ళి కారు చుట్టూ ఒకసారి తిరిగి, టైరు కాలితో తట్టి చూసి వెళ్ళాడు. "లేదు" అన్నందుకు ఆకాశమేం విరిగిపడలేదని లక్ష్మీనరసింహారావుకి ఆశ్చర్యం వేసింది. ఆ ఊపులోనే ఫోన్ తీశాడు.

డాక్టరుగారు "అయ్యో, దానికేముందండీ" అన్నారు. బ్యాంకు మేనేజరు బదిలీ అయిపోయి నెలలైంది, కిందటేటి పెట్టె ఎవరు తిన్నారో దేవుడికి తెలియాలి. ఒకరిద్దరు మాట తుంచేశారు, ఇంకో ఇద్దరు బాధపడ్డారు. చివరికి గుడివాడ అక్క మిగిలింది. ఆమెకి చెప్పడమే అన్నిటికంటే కష్టం. తల్లి పోయాక ఆ స్థానంలో నిలబడిన మనిషి. పైగా ఏటా కోతలయ్యాక "మా పొలం బియ్యంరా, తినండి" అని రెండు బస్తాలు పంపిస్తుంది. అంత ప్రేమగా పంపే ఆడపడుచుకి నాలుగు పెట్టెల పళ్ళు లేవనడానికి నోరెలా వస్తుంది? ఫోన్ పట్టుకుని మధ్యాహ్నం దాకా అరుగు మీదే కూర్చున్నాడు. ప్రమీలారాణి వచ్చి నంబరు నొక్కి, స్పీకరు ఆన్ చేసి అతని చేతిలో పెట్టింది.

"అక్కా, ఈసారి పళ్ళు పంపలేను" అన్నాడు. ఆ తర్వాత ఆపలేకపోయాడు. అప్పులు, తోట, డబ్బా గొంతు, అన్నీ చెప్పాడు. "కిందటేడు పంపినవి కూడా మన తోటవి కావక్కా. మార్కెట్లో కొన్నాను. మన తోట పళ్ళేనని నీకు అబద్ధం చెప్పాను."

అవతల ముక్కు చీదిన చప్పుడు వినపడింది. అక్క ఏడుస్తోందేమో అనుకున్నాడు.

"నరసింహం," అంది అక్క చివరికి, చిన్న గొంతుతో. "మా పొలం రొయ్యల చెరువుకిచ్చి నాలుగేళ్ళయిందిరా. మీ బావకి కూడా అప్పులే. నువ్వు పళ్ళు పంపిస్తుంటే నేను ఉత్త చేతులతో ఎలా ఉంటానని ఆ బియ్యం కొట్లో కొని, పాత గోతాల్లో పోయించి పంపిస్తున్నాను."

లక్ష్మీనరసింహారావు ఇంట్లో ఉన్న బియ్యం గోతాం వంక తిరిగి చూశాడు. ముందు అక్క నవ్వింది. తర్వాత అతను నవ్వాడు. ఇద్దరూ ఫోన్‌కి అటొకరూ ఇటొకరూ కళ్ళ వెంట నీళ్ళు కారేలా నవ్వుతుంటే అతని గుండెల మీద ఏళ్ళ తరబడి కూర్చున్న బరువు లేచిపోయింది.

"ఇక నువ్వూ పంపకు, నేనూ పంపను" అంది అక్క, ఆయాసపడుతూ.

ప్రమీలారాణి ఫోన్ అతని చేతిలోంచి తీసుకుంది.

"వదినగారూ, ఆ బియ్యం ఏ కొట్లో కొన్నారో కాస్త చెప్పండి. అన్నం బాగా అవుతోంది."