ఉన్నదున్నట్టు అచ్చు

నేను ఒక ప్రింటర్‌ని. కర్మాగారంలో నన్ను పరీక్షించిన పెద్దాయన ఒక పువ్వు బొమ్మ అచ్చేయించి, బాగుందని తలూపాడు. ఆ తర్వాత నేను విన్నవన్నీ తిట్లే. మొదట ఒక ఆడిటరు కొలువు. తర్వాత పాలకొల్లు బస్టాండు ఎదుట సూరిబాబు నెట్ సెంటరు. అతనికి నేను అచ్చిరాలేదు గాని, నాకు అచ్చు బాగానే వచ్చేది.

తెరమీద ఏది కనిపిస్తే కాగితం మీద అదే రావాలంటారు మనుషులు. వెబ్ పేజీ ఎంత పొడుగైనా సాగుతుంది, నా కాగితం జానెడు. అంచు తెగితే నాదే తప్పు. ఇంకు అయిపోతే ఇంకేముంది, వీపు మీద చరుపు.

ఒక కార్తీకంలో పేరయ్యగారు వచ్చారు. ఆయన భార్య భ్రమరాంబ టీచరు పోయి ఏడాది కావస్తోంది. ఇంట్లో ఫొటోలన్నీ వరదకు నానిపోయాయి. మిగిలింది బడి వెబ్‌సైటులోని వెలిసిన బొమ్మ ఒక్కటే. సంవత్సరీకానికి పటం కట్టించాలి.

తెర చూడగానే ఆయన మొహం విప్పారింది. "అదిగో, ఆ బొట్టే. అంత పెద్దది పెట్టేది."

నేను అచ్చేశాను. బొట్టు రాలేదు.

"మొహం బోసిపోయిందిరా సూరీ. ముత్తయిదువుగా పోయిన మనిషి. ఇలాగెలా తగిలించను?"

సూరిబాబు ఎర్ర ఇంకు మార్చాడు. ఇంకు చిమ్మే తల తుడిచి నాకు తలంటు పోశాడు. మళ్ళీ బోసే. "ఈ దరిద్రం ఎరుపు మింగేస్తోంది బాబాయ్‌గారూ."

నేనేమీ మింగలేదు, అవమానం తప్ప.

విసుగొచ్చి పేజీ జరిపాడు. టీచరు పైకి పోయారు. బొట్టు కదల్లేదు. కిందనున్న డ్రిల్లు మాస్టారి ముక్కు మీద కూర్చుంది. ఆయుధపూజ నాడు సూరిబాబు కంప్యూటరుకు పెట్టిన కుంకుమ అది. పూజ చేసినదాన్ని తుడవకూడదని వదిలేసి, రోజూ చూస్తూ మరిచిపోయాడు.

"ఆ మాస్టారంటే మీ పిన్నికి ఒళ్ళుమంట" అని పేరయ్యగారు పకపకా నవ్వారు. నవ్వు సగంలో ఆగిపోయింది.

సూరిబాబు మరో కాగితం నాకందించాడు. ఈసారి నేను ఒళ్ళు దగ్గర పెట్టుకుని అచ్చేశాను. పేరయ్యగారు వేలు తడి చేసుకుని, తెరమీది కుంకుమ అద్దుకుని, కాగితం మీది నుదుటికి తెచ్చారు.

"కాస్త పైకి, బాబాయ్‌గారూ."

"నాకు తెలుసులేరా. రోజూ చూసిందే."

ఇప్పుడు పాతసామాన్ల కొట్టులో, రెక్కల్లేని ఫ్యాను పక్కన ఉంటున్నాను. తెరమీది మనిషి ఉన్నదున్నట్టు కాగితం మీదికి రావడం నేను చూసింది ఆ ఒక్కసారే. అందులో మొహం వరకే నా పని.